ఆరో గడి రాయి

జీవితంలో తనకు రావలసింది వచ్చిందా లేదా అని లెక్క వేసుకునేటప్పుడు చాలామంది ఇచ్చిందీ పుచ్చుకున్నదీ చూస్తారు. రాళ్ళక్క అలా చూడదు. ఎవరి పని కింద ఎవరి పేరు ఉందో చూస్తుంది. ఆ లెక్కన ఇరవై ఎనిమిదేళ్ళ చాకిరీలో ఆమె పేరుకు దక్కినవి ఏడేళ్ళు. మిగతా ఇరవై ఒకటీ ఇంట్లో మగవాళ్ళు పంచుకున్నారు.

ఆ ఇంటివాళ్ళ వ్యాపారం బడులకు రాళ్ళ పెట్టెలు తయారుచేసి ఇవ్వడం. చెక్కపెట్టెలో తొమ్మిది గడులు, గడికో ఖనిజం. మొదటి గడిలో గోటికి కూడా గీత పడే బలపపు రాయి. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ గట్టితనం పెరుగుతూ తొమ్మిదో గడిలో కురువిందం. పదోది ఏదని ఎవరైనా అడిగితే రాళ్ళక్క మొగుడు, పెట్టెలు చేసే ఆయనే, "పదోది వజ్రం. మా ఆవిడకే కొనిపెట్టలేదు, మీ పిల్లలకేం ఇస్తాను" అంటాడు. పెట్టె మూతకు లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంటుంది. ఏ రాయి ఏమిటో, దాన్ని ఎలా పోల్చుకోవాలో అందులో రాసి ఉంటుంది. చిట్టచివర "పరీక్షించినది" అన్న మాట, దాని పక్కన సంతకం.

ఆ సంతకం దగ్గరే ఉంది కథంతా.

ఆమె కోడలిగా వచ్చిన ఏడాదికే మామగారికి చూపు మందగించింది. బస్తాల్లో వచ్చిన రాళ్ళను ఏరి, గీసి, విరిచి, తూచి పేరు తేల్చే పని కోడలి చేతికి వచ్చింది. సంతకం మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది. అలా పన్నెండేళ్ళు. ఆయన పోయాక మరిది, "బయట తిరిగి ఆర్డర్లు తెచ్చేది నేనే కదా, నా పేరుంటే బాగుంటుంది" అని తొమ్మిదేళ్ళు సంతకం పెట్టాడు. ఒకసారి ఏదో బడి నుంచి టీచరమ్మ ఉత్తరం రాసింది: మీ నాలుగో రాయి ఎటు కొట్టినా నాలుగు పక్కలకే నున్నగా విడిపోతోంది, ఎందుకు? మరిది ఆ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి జేబులో పెట్టుకున్నాడు. రాళ్ళక్క ఆ జేబులోంచే తీసి, రెండు పేజీల జవాబు రాసి పంపింది. ఆ ఏడాది చీటీలు అచ్చుకు వెళ్ళేటప్పుడు ఎవర్నీ అడక్కుండా తన పేరు వేయించింది.

ఆమె పని తీరు వేరు. ఏ రాయినైనా అయిదు ప్రశ్నలు అడుగుతుంది. పింగాణీ పెంకును మెరుగు లేని వైపుకు తిప్పి దాని మీద రాస్తే ఏ రంగు పొడి రాలుతుంది? మెరుపు గాజులా ఉందా, లోహంలా ఉందా, మైనంలా ఉందా? దేనితో గీస్తే గీత పడుతుంది? విరిస్తే నున్నటి పలకలుగా చీలుతుందా, పిచ్చిపిచ్చిగా పగులుతుందా? అరచేతిలో పెట్టుకుంటే దాని సైజుకు తగ్గ బరువుందా, ఎక్కువుందా? పైకి కనిపించే రంగును ఆమె అడగనే అడగదు. "రంగుదేముంది, పూసుకున్నది కూడా రంగే" అంటుంది. నల్లగా నిగనిగలాడే ఇనుపరాయిని పెంకు మీద రాస్తే ఎర్రటి చార పడుతుంది. మనిషిని కూడా ఇలా పెంకు మీద రాసి చూసే వీలుంటే పెళ్ళిళ్ళ పేరయ్యలకు పని ఉండేది కాదని ఆమె నమ్మకం.

గీసి చూడటానికి ఆమె దగ్గర ఒక మొన ఉంది. పాత కత్తి మొన అరిగిపోతే కిందటేడు మొగుడు కొత్తది చేసి ఇచ్చాడు. కర్ర పిడి కూడా చేతికి సరిగ్గా అమరేలా చెక్కాడు. ఆ మొన చేతికి వచ్చాక ఆమె పాత చీటీని పక్కన పడేసి, తొమ్మిది రాళ్ళనూ మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చేసి, కొత్త చీటీ రాసింది. పాత మాటను ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం ఆమెకు గిట్టదు. మామగారి చీటీలో "విదళనం", "భంగం" అని ఉన్నచోట ఆమె "చీలిక", "పగులు" అని రాసుకుంది. మూడు వందల పెట్టెలు సిద్ధమయ్యాయి. ఇక పంపడమే.

అప్పుడు వచ్చింది ఉత్తరం.

బడులకు సామాను కొనే ఆఫీసు నుంచి. ఈ ఏడాది నుంచి పరీక్షించినవారి సంతకం పక్కన "డిగ్రీ" అని ఒక గడి ఉండాలట. ఆ గడి నిండని పెట్టెలు తీసుకోరట. మరిది ఆ ఉత్తరాన్ని చేతిలో పట్టుకుని, అప్పుడే స్నానం చేసి వచ్చినవాడిలా తేలిగ్గా లోపలికి వచ్చాడు.

"వదినా, నువ్వు కంగారుపడకు. నేను చూసుకున్నాను."

"నేను కంగారుపడలేదే. నువ్వేం చూసుకున్నావు?"

"కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఖనిజాల మీదే పెద్ద డిగ్రీ. మూడు వందల చీటీలు ముందు పెడితే ఒక్క పూటలో సంతకాలు చేసేస్తారు. చాలా మంచాయన. కాఫీ కూడా అడగరు."

"రాళ్ళు అడుగుతారా?"

"ఏం రాళ్ళు?"

"చీటీలో రాసిన రాళ్ళు. ఒకసారి చూస్తానని అడుగుతారా అని."

"ఆయనకు తెలియని రాళ్ళా వదినా?"

"ఆయనకు రాళ్ళు తెలిసే ఉంటాయి. ఈ రాళ్ళు తెలియవు."

మరిది అన్న వంక చూశాడు. పెట్టెలాయన చిత్రిక పట్టడం ఆపకుండానే, "ఒరే, మీ వదిన ఒక రాయికి పేరు పెట్టడానికే పూటంతా తీసుకుంటుంది. నన్ను చూసి సరేననడానికి మూడు నెలలు తీసుకుంది. తొందరపెట్టి లాభం లేదు" అన్నాడు.

"తొందర నాది కాదన్నయ్యా, ఆఫీసుది. ఈ ఆర్డరు పోతే ఏడాదంతా ఈ తలుపులు మూసుకుని కూర్చోవాలి. ఒక్క సంతకం దగ్గర ఇంత పట్టుదల ఏమిటి? రాళ్ళు అవే, పెట్టెలు అవే, పని చేసిందీ వదినే. ఎవరు కాదన్నారు?"

"ఎవరూ కాదనరు. అదే వచ్చింది చిక్కు" అంది రాళ్ళక్క. "ఇంట్లో ఎవరూ కాదనరు. చీటీ మీద మాత్రం ఉండదు."

ఆమె ఆ మధ్యాహ్నం అన్నం తింటూనే లెక్క వేసుకుంది. ఆర్డరు పోతే పోయేది ఒక ఏడాది. అది మళ్ళీ వస్తుంది, ఈ ఆఫీసు కాకపోతే ఇంకో ఆఫీసు. సంతకం పోతే అది ఏడాదితో ఆగదు. మాస్టారి తర్వాత ఆయన శిష్యుడు, శిష్యుడి తర్వాత ఇంకొకడు. గది నిండా రాళ్ళతో తను మాత్రం కిటికీ దగ్గర బల్ల ముందే ఉంటుంది. ఈ బేరంలో ఏది చవకో తేలిపోయింది. చెయ్యి కడుక్కుని చీర మార్చుకుంది.

ఆఫీసరు బల్ల మీద అద్దం, అద్దం కింద ఎప్పటివో కాగితాలు. ఆమె సంచిలోంచి పెట్టె తీసి ఆ అద్దం మీద పెట్టబోతే ఆయన గబుక్కున రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"గీతలు పడతాయేమో."

"ఏడో గడి రాయితో పడతాయి సార్. మీరు ఊఁ అంటే చూపిస్తాను."

ఆయన ఊఁ అనలేదు. ఆయన పక్క కుర్చీలో తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన నవ్వు ఆపుకున్నాడు. ఆయనే మాస్టారు. మరిది ముందే వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి ఉంచాడు. వదిన వస్తుందని మాత్రం అనుకోలేదు. గోడ పక్కకు జరిగి క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"చూడండమ్మా" అన్నాడు ఆఫీసరు. "మీ మీద నాకేం కోపం లేదు. మీ పెట్టెలు బాగుంటాయి. నాకు ఆ గడి నిండాలి. అంతే."

"దాన్ని నింపేవాళ్ళకు రాళ్ళు తెలియాలా, అక్కర్లేదా?"

"డిగ్రీ ఉంటే తెలిసినట్టే కదా."

"అయితే అడగండి, నన్నూ ఆయన్నీ. ఇద్దరం ఇక్కడే ఉన్నాం."

ఆఫీసరుకు ఏం అడగాలో తోచలేదు. కాసేపు పెట్టెలోకి చూసి, "స్ఫటికం అంటే ఏమిటి?" అన్నాడు. అది ఆయనకు నిజంగానే తెలియదు.

"లోపల ఉన్న వరసే బయటికి ముఖాలుగా కనిపిస్తే స్ఫటికం సార్. దాన్ని ఎవరూ చెక్కరు, అదే అలా పెరుగుతుంది. గాజును ఎంత అందంగా సానపట్టినా లోపల వరస ఉండదు. అందుకే గాజు స్ఫటికం కాదు."

"అణువుల క్రమబద్ధ విన్యాసం" అన్నాడు మాస్టారు తల ఊపుతూ.

"మీరన్నదీ నేనన్నదీ ఒకటే మాస్టారూ. మీది ఇస్త్రీ చేసుకుని వచ్చింది."

ఈసారి మాస్టారు నవ్వు ఆపుకోలేదు. ఆఫీసరు మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. మాటలతో తనకు గడి నిండదని ఆయనకు తెలుసు.

"సరేనమ్మా, ఒక మాట అనుకుందాం. శుక్రవారం పొద్దున మేమిద్దరం మీ ఇంటికే వస్తాం. మూడు వందల్లో మాస్టారు ఏది తీస్తే ఆ పెట్టె. చీటీలో రాసినదానికీ రాయికీ ఎక్కడైనా ఒక్క తేడా కనిపించినా సంతకం ఆయనది. తేడా లేకపోతే మీది. పైవాళ్ళకు నేను నచ్చజెప్పుకుంటాను. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నాను."

మరిది క్యాలెండరు దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఆఫీసర్లతో పందాలేమిటని, గెలిస్తే వచ్చేదేముంది, ఓడితే నలుగురిలో తలవంపులు కదా అని. రాళ్ళక్క ఒకే మాట అంది. "అబ్బాయ్, నువ్వు తొమ్మిదేళ్ళు సంతకం పెట్టావు. ఒక్కరోజైనా ఎవరైనా వచ్చి నీకు పరీక్ష పెట్టారా?"

ఆయన వదినకన్నా నాలుగడుగులు ముందుకు పోయాడు.

శుక్రవారం పదిగంటలకు ఇద్దరూ వచ్చారు. పెట్టెలు గోడ వారన వరసలుగా పేర్చి ఉన్నాయి. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "మూడో వరస, కింది నుంచి రెండోది" అన్నాడు. మోసం చేసేవాళ్ళు మంచివి పైన పెడతారని ఆయన ఎక్కడో విని ఉంటాడు. పెట్టెలాయన పైవన్నీ దించి, అడిగినదాన్ని తీసి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరిది గుమ్మంలోనే ఆగిపోయాడు.

మాస్టారి తాళంచెవుల గుత్తికి చిన్న మడతకత్తి ఉంది. ఆయన దాన్ని విప్పి, చీటీ చదువుతూ వరసగా మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ గోటితోనే గీత పడ్డాయి. మూడోది రాగినాణెంతో పడింది. నాలుగూ అయిదూ కత్తికి లొంగాయి. ఒక్కోదాని తర్వాతా ఆఫీసరు కాగితం మీద టిక్కు పెట్టుకుంటున్నాడు. ఆరో గడిలో లేత గులాబీరంగు ఫెల్డ్‌స్పార్. మాస్టారు చీటీలో మాట పైకి చదివాడు: "కత్తితో గట్టిగా లాగితే సన్నని గీత పడుతుంది." కత్తి గట్టిగా లాగాడు. సన్నని గీత కనిపించింది.

"పడింది. సరే."

టిక్కు పడింది.

ఏడోది పలుగురాయి. "కత్తికి లొంగదు" అని చీటీలో ఉంది. మాస్టారు కత్తి లాగాడు. తెల్లటి రాయి మీద బూడిదరంగు గీత, వెలుతురుకు మెరుస్తూ, స్పష్టంగా కనిపించింది.

మాస్టారు ఇంకోసారి లాగాడు. రెండో గీత.

"పడిందేనమ్మా" అన్నాడు ఆయన. గొంతులో సంతోషం లేదు, నొచ్చుకున్నట్టే అన్నాడు. "పలుగురాయి అయితే పడకూడదు. ఇది ఇంకేదో అయ్యుండాలి."

గుమ్మంలోంచి మరిది ఒక్క అంగలో లోపలికి వచ్చాడు. "మార్చేస్తాం సార్. బస్తాలో ఏదో కలిసిపోయి ఉంటుంది. మాస్టారి సంతకంతోనే..."

"నువ్వు కాసేపు ఆగు" అంది రాళ్ళక్క. బల్ల దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, ఆ గీతను ఒకసారి తుడిచి చూడండి."

"గీతను తుడవడమేమిటి?"

ఆమె కుళాయి కింద బొటనవేలు తడుపుకుని వచ్చి రాయి మీద అటూ ఇటూ రెండుసార్లు రాసింది. గీతలు రెండూ పోయాయి. రాయి ముందెలా ఉందో అలాగే ఉంది. బొటనవేలు చూపించింది. దాని మీద బూడిదరంగు మరక.

"ఇది మీ కత్తి పొడి. మీ కత్తి రాయిని గీయలేదు, రాయే మీ కత్తిని అరగదీసింది. గీత అంటే గోటికి తగలాలి. తుడిస్తే పోయేది గీత కాదు."

మాస్టారు కళ్ళజోడు తీసి రాయిని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. గోరు పెట్టి చూశాడు. తర్వాత కత్తి అంచు చూసుకున్నాడు. ఒకచోట మొద్దుబారి ఉంది.

"ముప్పై ఏళ్ళు ఈ మాట బోర్డు మీద రాశానమ్మా" అన్నాడు. "పరీక్షలో వస్తుంది జాగ్రత్త అని పిల్లలకు చెప్పాను కూడా. నా చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు."

ఆఫీసరు ముఖం తేటపడింది. ఎవరు గెలిచినా ఆయనకు గడి నిండితే చాలు. "అయితే తేడా లేదన్నమాట. మిగతా రెండూ చూసేసి వెళ్దాం" అన్నాడు. మరిది అప్పటికే గొంతు మార్చేశాడు. "మా వదినంటే ఏమనుకున్నారు సార్. మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్య అది" అన్నాడు.

రాళ్ళక్కకు ఆ మాట వినపడలేదు. ఆమె ఆరో గడి వైపు చూస్తోంది.

అదే కత్తి. అదే చెయ్యి. ఏడో రాయి మీద పడింది పొడి అయితే ఆరో రాయి మీద పడింది ఏమిటి? అక్కడ గీత పడాలని చీటీలో ఉంది కాబట్టి ఎవరూ తుడవలేదు. మాస్టారు తుడవలేదు. తనూ తుడవలేదు. టిక్కు పడిపోయింది. ఆఫీసరు చూపు ఎనిమిదో రాయి మీదికి వెళ్ళిపోయింది.

లెక్క చాలా సులువు. నోరు మూసుకుంటే గంటలో వీళ్ళు వెళ్ళిపోతారు. సంతకం తనది. మూడు వందల బడుల్లో పిల్లలు ఆరో రాయి మీద కత్తి లాగుతారు, బూడిదరంగు గీత చూస్తారు, చీటీలో ఉన్నట్టే జరిగిందని సంబరపడతారు. ఎవరికీ అనుమానం రాదు. కానీ ఎక్కడో ఒక పిల్ల వేలు తడుపుకుని తుడిచి చూస్తుంది. ఆ పిల్ల చీటీ కిందికి చూసి, పరీక్షించినది ఎవరా అని పేరు చదువుతుంది.

రాళ్ళక్క బొటనవేలు ఇంకా తడిగానే ఉంది. ఆరో రాయి తీసి రాసింది. గీత పోయింది.

"ఇది తప్పు" అంది.

"ఏది?" అన్నాడు ఆఫీసరు.

"చీటీలో మాట తప్పు. ఈ రాయి మీద కత్తితో గీత పడదు. ఇందాక పడింది కూడా పొడే."

మరిది ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "వదినా, టిక్కు పెట్టేశారు. నీకేమైనా పిచ్చా" అన్నాడు.

ఆమె బల్ల మీదున్న తన మొన తీసుకుని అదే రాయి మీద లాగింది. కర్రుమని చప్పుడు వచ్చింది. తుడిచింది. గీత పోలేదు. గోరు పెడితే తగిలింది. మళ్ళీ మాస్టారి కత్తి అడిగి పుచ్చుకుని లాగి, తుడిచింది. ఏమీ లేదు. రెండు పనిముట్లనూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఏమండీ, ఈ మొన దేంతో చేశారు?"

పెట్టెలాయన చేతులు విప్పాడు. ఆయనకు అప్పుడే అర్థమైంది. "విరిగిన ఆకురాయి ముక్కతో. రంపం పళ్ళకు పదును పెట్టే ఉక్కుది. మామూలు కత్తి ఉక్కు అయితే నీకు ఊరికే అరిగిపోతోందని..." అని ఆగి, "గట్టిదైతే బాగుంటుందనుకున్నాను" అన్నాడు.

"బాగానే ఉంది. అదే వచ్చింది తంటా. దీంతో గీసి నేను కత్తి అని రాశాను. జనం ఇళ్ళల్లో ఉండే కత్తి ఇంత గట్టిది కాదు." ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. "మూడు వందల చీటీల్లోనూ ఇదే ఉంది సార్."

ఆఫీసరు కలం మూత పెట్టేశాడు. "నేనేం చెయ్యనమ్మా. మీరే ఒప్పుకున్నారు. ఒక్క తేడా ఉన్నా సంతకం మాస్టారిది అనుకున్నాం" అన్నాడు.

"అనుకున్నాం. పందెం నేనే ఓడిపోయాను."

"అయితే..."

"అయినా సంతకం ఇవ్వను."

ఆఫీసరు తలెత్తాడు. "ఇదేం న్యాయమమ్మా? మాట అంటే మాటే కదా."

"మాట తప్పుతున్నాను. ఆ సంగతి కూడా మీ కాగితంలో రాసుకోండి, నేను కాదనను. కానీ ఒక్కటి చెప్పండి. ఇందాక ఆరో రాయి దగ్గర మాస్టారు సరే అన్నారు, మీరు టిక్కు పెట్టారు. ఆ టిక్కు మీద ఆయన సంతకం పడి ఉంటే ఈ తప్పు ఇవాళే బండెక్కి బడులకు వెళ్ళిపోయేది. దాన్ని ఆపింది ఎవరు? డిగ్రీ ఆపిందా?"

"వదినా, పెద్దవాళ్ళ ముందు..." అని మరిది మొదలుపెట్టాడు.

"పెద్దవాళ్ళ ముందే అంటున్నాను. వెనక అంటే చాడీ అవుతుంది." ఆమె గొంతు పెంచలేదు. "తప్పు నాది సార్. నా తప్పు కింద నా పేరే ఉండాలి, దిద్దిన మాట కింద కూడా నా పేరే ఉండాలి. తప్పయినప్పుడు నాదీ, ఒప్పయినప్పుడు ఇంకొకరిదీ అంటే కుదరదు. అలాంటి బేరం ఇరవై ఒక్క ఏళ్ళు చేశాను. చాలు. వద్దంటే పెట్టెలు ఇక్కడే ఉంటాయి. తప్పు చీటీతో ఒక్క పెట్టె కూడా గడప దాటదు. వేరేవాళ్ళ పేరుతో కూడా దాటదు."

"ఏడాదంతా తలుపులు మూసుకుంటావా?" అన్నాడు మరిది.

"మూసుకుంటాను. తలుపు మా ఆయన చేసిందే, గట్టిగా పడుతుంది."

పెట్టెలాయన దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

ఆఫీసరు చివరి ఆశగా మాస్టారి వైపు చూశాడు. మాస్టారు అప్పటికి కత్తి మడిచి గుత్తికి తగిలించుకుని జేబులో వేసుకున్నాడు. "నావైపు చూడకండి" అన్నాడు. "ఈ పూట రెండు రాళ్ళ దగ్గర పొరపాటు పడ్డాను. ఒకచోట ఒప్పును తప్పన్నాను, ఇంకోచోట తప్పును ఒప్పన్నాను. ఆవిడ పొరపాటు పడ్డది ఒక్కచోట, దాన్ని పట్టుకున్నదీ ఆవిడే. నేను సంతకం పెట్టను. మీరు బలవంతం చేస్తే మూడు వందల పెట్టెలూ ఒక్కొక్కటే చూసి పెడతాను. ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు."

"సోమవారం బడులు తెరుస్తారు మాస్టారూ."

"అందుకే చెబుతున్నాను."

ఆఫీసరు కిటికీ దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పాపం, ఆయన చెడ్డవాడు కాదు. ఆయన లెక్క కూడా ఆయనకు ఉంది. పెట్టెలు వెళ్ళకపోతే పైవాళ్ళు అడుగుతారు, గడి నిండకుండా వెళ్తే ఇంకా పైవాళ్ళు అడుగుతారు. మొదటివాళ్ళు ముందు అడుగుతారు.

"చీటీలు ఎప్పటికి దిద్దగలరు?" అన్నాడు చివరికి.

"మళ్ళీ అచ్చు వేయించే టైము లేదు. ఆ ఒక్క వాక్యం కొట్టేసి పైన చేత్తో రాస్తాను. కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెడతాను. కింద డిగ్రీ గడి కూడా చేత్తోనే గీస్తాను. రేపు సాయంత్రానికి అయిపోతాయి."

"కొట్టివేతలు కనిపిస్తాయి కదా. బాగుంటుందా?"

"కనిపించాలనే. తప్పు దిద్దితే ఎలా ఉంటుందో పిల్లలు అది కూడా చూస్తారు."

ఆయన సంచిలోంచి ఆఫీసు కాగితం తీశాడు. వివరాలన్నీ నింపాడు. పెట్టెల సంఖ్య, రాళ్ళ పేర్లు, పరీక్షించిన తేదీ. "పరీక్షించినది" దగ్గర ఆమె పేరు రాశాడు. పక్క గడి దగ్గరికి వచ్చి కలం ఆపాడు.

"ఇక్కడేం రాయమంటారు? పోనీ, ఖాళీగా వదిలేస్తాను. ఎవరూ గమనించకపోవచ్చు."

"వదలకండి. ఖాళీగా వదిలితే ఎవరో ఒకరు నింపేస్తారు. లేదు అని రాయండి."

"డిగ్రీ, లేదు. అలాగేనా?"

"అలాగే. గడి నిండాలన్నారుగా, నిండుతుంది."

మరిది ఇక ఉండలేకపోయాడు. "ప్రతి చీటీ మీదా ఇదే ఉంటుంది వదినా. మూడు వందల బడుల్లో జనం చదువుతారు, లేదు అని."

"చదవనీ. దాని పక్కనున్న పేరు కూడా చదువుతారు."

ఆఫీసరు రాశాడు. రాళ్ళక్క కాగితం తన వైపు తిప్పుకుని, మొదటి నుంచి చివరి దాకా ఒక్కో గడీ చదివింది, బస్తా విప్పి రాళ్ళు చూసేటప్పుడు చూసేంత తీరిగ్గా. తర్వాత సంతకం పెట్టి ఆయనకు ఇచ్చేసింది. వెంటనే మొదటి పెట్టె దగ్గరికి లాక్కుని, మూత తెరిచి, ఆరో వరసలో ఉన్న వాక్యం మీద అడ్డంగా ఒక గీత కొట్టింది.